హైదరాబాద్‌లో క్యాంపర్ వ్యాన్ మీట్ ఎలా పెట్టాలి: జాగా వెతకడం నుంచి చెత్త ఎత్తేదాకా

"వ్యాన్ కట్టుకున్నవాళ్లు మన సిటీలో ఎవరున్నారు? ఒకసారి లోపల చూడనిస్తారా?" "అందరూ ఒకచోట కలిసే ఏర్పాటు ఎవరైనా చేయొచ్చు కదా?" హైదరాబాద్ నుంచి ఈ రెండు ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తూనే ఉన్నాయి. క్యాంపర్ వ్యాన్ అంటే లోపలే పడుకుని, వండుకునేలా మార్చుకున్న బండి. అలా మార్చుకోవడాన్నే ఇక్కడ కట్టుకోవడం అంటున్నాను. మియాపూర్‌లో ఒకరు మారుతి ఈకోలో మంచం ఎలా బిగించాలా అని ఆలోచిస్తుంటారు. ఉప్పల్‌లో ఇంకొకరు పాత టెంపో ట్రావెలర్ కొని, సీట్లన్నీ పీకేసి, తర్వాత ఏం చేయాలో తోచక కూర్చుంటారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ కలిపే పని మీరే చేయొచ్చు. దానికి పెద్ద సంస్థ ఏమీ అక్కర్లేదు. బాధ్యత తీసుకునే ముగ్గురు మనుషులు, గట్టి నేల, నాలుగు వారాల టైమ్ ఉంటే చాలు.

మొదలుపెట్టే ముందు ఒక్క విషయం తేల్చుకోండి. బండ్లను వరసగా నిలబెట్టి ఫొటోలు దిగి, బిర్యానీ తిని వెళ్లిపోతే సరదాగానే ఉంటుంది. కానీ కట్టుకునేవాళ్లకు కావాల్సింది వేరే. మంచం కింద బ్యాటరీ ఎలా బిగించారు, నీళ్ల ట్యాంకు ఎక్కడ పెట్టారు, వైర్లు ఎటు నుంచి ఎటు పోయాయి, ఏది పాడైంది, ఎందుకు పాడైంది అనేవి వాళ్లు కళ్లారా చూడాలి. వీడియోల్లో ఇవి కనిపించవు. అందుకే బండి తెరిచి చూపించే రెండు గంటలే ఈ మీట్‌కు ప్రాణం. కింద చెప్పినవన్నీ ఆ రెండు గంటలు సరిగ్గా జరగడం కోసమే.

ఏమేం కావాలి

- ముగ్గురు నిర్వాహకులు: జాగా, పార్కింగ్ ఒకరికి, సేఫ్టీ ఇంకొకరికి, తిండి, లెక్కలు మూడో మనిషికి.
- ఎకరం దాకా గట్టి నేల, లారీ పట్టేంత గేటు, పనిచేసే టాయిలెట్లు కనీసం రెండు.
- 2 కిలోలు లేదా అంతకన్నా పెద్ద ఏబీసీ పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు మూడు. ప్రతి బండిలో ఉండాల్సినవి వీటికి అదనం.
- మల్టీమీటర్, డీసీ కరెంటు కొలిచే క్లాంప్ మీటర్, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, స్ప్రే సీసాలో సబ్బు నీళ్లు.
- టో రోప్, నాలుగు మందపాటి చెక్కలు, టైర్ల కింద పెట్టే స్టాపర్లు, దగ్గర్లో ఉన్న ట్రాక్టర్ ఓనర్ ఫోన్ నంబర్.
- ఫస్ట్ ఎయిడ్ బాక్స్, టార్చ్ లైట్లు, సున్నం పొడి, తాడు.
- 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు, చెత్తకు పెద్ద సంచులు.
- అట్ట ముక్కలు, మార్కర్లు. వీటి అవసరం ఆరో స్టెప్‌లో చెప్తాను.

మీటర్లు కొత్తవి కొనక్కర్లేదు. వచ్చేవాళ్లలో ఎవరి దగ్గరో ఒకరి దగ్గర ఉంటాయి, ముందే అడిగి పెట్టుకోండి. కొనాలనుకుంటే కోఠి పక్కన ట్రూప్ బజార్‌లో చూడండి. పైపులు, పంపులు, ఫిట్టింగ్‌లు అయితే రాణిగంజ్.

1. తేదీ పెట్టండి

నవంబర్ రెండో వారం నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి దాటాక మధ్యాహ్నం రేకు బండిలో కూర్చోలేరు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, అక్టోబర్‌ను కూడా పూర్తిగా నమ్మలేం.

మొదటి మీట్ పగటిపూటే, ఒక ఆదివారం చాలు. రాత్రి బస పెడితే టాయిలెట్లు, భద్రత, చలి, మందు గొడవ, పిల్లలు అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఒకసారి పగలు బాగా జరిగాక రెండోదానికి రాత్రి బస గురించి ఆలోచించండి. డిసెంబర్‌లో సాయంత్రం 5:45 ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది కాబట్టి నాలుగింటికే సర్దుకోవడం మొదలుపెట్టేలా టైమ్ వేసుకోండి.

2. జాగా ఎంచుకోండి

ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. వికారాబాద్ దగ్గర అనంతగిరి అడవిలోనో, గండిపేట గట్టు పక్కనో, నర్సాపూర్ ఫారెస్ట్‌లోనో కలుద్దాం అనుకుంటారు. అడవిలో అటవీ శాఖ అనుమతి లేకుండా బండ్లు దింపి క్యాంపు వేయడం కుదరదు. ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ సిటీకి తాగునీళ్లు ఇచ్చిన చెరువులు. వాటి ఒడ్డున నలభై మంది గిన్నెలు కడిగే పని పెట్టుకోకండి. అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆగి అందరూ కలిసి బయల్దేరడం అసలే వద్దు. అక్కడ బండి ఆపడం నిషేధం, ప్రాణాలకూ ప్రమాదం.

ఓనర్ అనుమతి రాసిచ్చిన ప్రైవేటు జాగా మాత్రమే తీసుకోండి. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శామీర్‌పేట, ఘట్‌కేసర్ వైపు ఫామ్‌హౌస్‌లు, మామిడి తోటలు దొరుకుతాయి. సిటీలో ఎటు నుంచి వచ్చేవాళ్లకైనా అవుటర్ మీదుగా సులువుగా ఉండేలా చూడండి. 158 కిలోమీటర్ల ఆ రింగు సిటీని చుట్టేసి ఉంది కాబట్టి, దిగే ఎగ్జిట్ నుంచి 15 కిలోమీటర్ల లోపు జాగా అయితే ఎల్బీ నగర్ వాళ్లూ, కూకట్‌పల్లి వాళ్లూ ఎవరూ ఇబ్బంది పడరు. బైక్ మీద వచ్చేవాళ్లకు మాత్రం విడిగా రూట్ పంపండి, ద్విచక్ర వాహనాలను అవుటర్ మెయిన్ రోడ్డు మీదికి రానివ్వరు.

జాగా చూడ్డానికి మీ బండి వేసుకునే వెళ్లండి, కారులో వద్దు. అక్కడికి వెళ్లాక ఇవి చూడండి:

గేటు: టేపు పెట్టి కొలవండి. మూడు మీటర్లు ఉంటే ట్రావెలర్, వింగర్, అర్బేనియా లాంటి పెద్ద వ్యాన్ ఏదైనా పడుతుంది. గేటు ముందు మలుపు తిరిగే చోటు కూడా కావాలి.

పైన వైర్లు: పొలాల్లో బోరు మోటారుకు లాగిన సర్వీసు వైర్లు చాలా చోట్ల కిందికి వేలాడుతుంటాయి. హై రూఫ్ ట్రావెలర్ పైన క్యారియర్, దాని మీద సోలార్ ప్యానెల్ కలిపితే మూడు మీటర్ల దగ్గరికి వస్తుంది. బండి నడిచే దారి పొడవునా తల పైకెత్తి నడవండి. వైరు అనుమానంగా ఉంటే ఆ దారి వదిలేయండి. కర్రతో వైరును ఎత్తి పట్టుకుని బండి పోనిచ్చే పని ఎవ్వరినీ చేయనివ్వకండి.

నేల: చేవెళ్ల, వికారాబాద్ వైపు చాలా చోట్ల నల్లరేగడి. ఎండలో సిమెంటులా ఉంటుంది, ఒక్క వాన పడితే రెండు టన్నుల బండిని మింగేస్తుంది. ఎర్ర మొరం నేల అయితే నయం. ఓనర్‌ను సూటిగా అడగండి: "వాన పడిన మర్నాడు ట్రాక్టర్ కాకుండా కారు వస్తుందా?" ఆయన కాస్త ఆలోచించి జవాబు చెప్తే మీకు అర్థమైపోతుంది.

టాయిలెట్లు: ఉన్నాయని వింటే చాలదు. నీళ్లు వస్తున్నాయా, లోపల గడియ పడుతుందా, లైటు ఉందా అని స్వయంగా చూడండి. ఒకటి ఆడవాళ్లకు విడిగా పెట్టండి. ఇది సరిగ్గా లేకపోతే ఆడవాళ్లు, కుటుంబాలు రెండోసారి రారు.

జాగా కుదిరాక ప్లాన్ బి కూడా పెట్టుకోండి. ఫంక్షన్ హాల్ పార్కింగో, గోడౌన్ ముందున్న సిమెంట్ యార్డో అయినా సరే. రెండు రోజుల ముందు వాన పడితే అక్కడికి మారాలి.

3. అనుమతులు, ముందుగా చెప్పాల్సినవి

ఆ ఏరియా పోలీస్ స్టేషన్‌లో ఒక లెటర్ ఇవ్వండి. తేదీ, సమయం, ఎంతమంది, ఎన్ని బండ్లు, మీ ఫోన్ నంబర్, ఓనర్ అనుమతి కాపీ జతచేయండి. మొయినాబాద్ వైపు ఫామ్‌హౌస్ పార్టీల మీద పోలీసుల కన్ను ఉంటుంది. ముందే చెప్పి ఉంటే మీకే టెన్షన్ ఉండదు.

మందు వద్దని ముందే రాతపూర్వకంగా చెప్పేయండి. ఇలాంటి కార్యక్రమాల్లో మందు పోయాలంటే ఎక్సైజ్ పర్మిట్ కావాలి. దానికన్నా ముఖ్యం, వచ్చినవాళ్లంతా తిరిగి బండి నడుపుకుంటూ వెళ్లాలి.

మైకులు, స్పీకర్లు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా చట్టప్రకారం ఆపేయాలి. పగలు కూడా పెద్ద స్పీకర్ అవసరం లేదు, మాట్లాడుకోవడానికే కదా వస్తున్నారు. డ్రోన్ ఎగరేస్తామని ఒకరిద్దరు తప్పకుండా అడుగుతారు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు, బేగంపేట, హకీంపేట, దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీ, ఇన్ని ఉన్న ఊరు ఇది. డ్రోన్ల కోసం ప్రభుత్వం పెట్టిన డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ జాగా గ్రీన్ జోన్‌లో ఉందని చూపించినవాళ్లకే ఒప్పుకోండి.

4. ఎవరిని పిలవాలి, ఎంతమందిని

మొదటిసారి 12 బండ్లు, 40 మంది. అంతకు మించి పేర్లు వస్తే వెయిటింగ్ లిస్ట్ పెట్టండి. బండ్ల కన్నా మనుషులు మూడింతలు ఉండటం మంచిదే. ఎందుకంటే ఇంకా కట్టుకోనివాళ్లకే మీట్ ఎక్కువ ఉపయోగపడుతుంది. "బండి ఉంటేనే రావాలి" అనే రూల్ పెట్టకండి.

బండ్లు రకరకాలుగా ఉండేలా చూసుకోండి. 2019లో తయారీ ఆగిపోయిన ఓమ్నిలో తక్కువ ఖర్చుతో కట్టుకున్నది ఒకటి, ఈకో ఒకటి, ట్రావెలర్ లేదా వింగర్ ఒకటి, సగం పని అయినది ఒకటి తప్పనిసరిగా ఉండాలి. ఆ సగం అయిన బండి చుట్టూనే ఎక్కువ మంది గుమిగూడతారు. ప్లైవుడ్ వేయకముందు ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర), వైరింగ్ బయటికి కనిపించేది అందులోనే. "పని పూర్తికాలేదండీ, తర్వాత తెస్తా" అంటే బతిమాలైనా తెప్పించండి.

ఆటోనగర్‌లో బాడీ పని చేసే మేస్త్రీని, ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌ను కూడా పిలవండి. అతిథులుగా పిలిచి, వాళ్ల రోజు కూలీ ఇచ్చి, ముందు వరసలో కూర్చోబెట్టండి. రేకు ఎక్కడ కోస్తే బాడీ బలహీనపడుతుందో, సిలికాన్ ఎక్కడ నిలవదో ఆ మేస్త్రీకి తెలిసినంత మనలో ఎవరికీ తెలియదు.

5. రూల్స్ ముందే పంపండి

వారం ముందు వాట్సాప్ గ్రూప్‌లో ఒకే మెసేజ్‌గా పెట్టండి. పొడుగ్గా రాస్తే ఎవరూ చదవరు, ఐదారు లైన్లు చాలు: ప్రతి బండిలో సూది పచ్చ గీతలో ఉన్న ఎక్స్‌టింగ్విషర్, బండి లోపల వంట వద్దు, జనరేటర్ వద్దు, ఎవరి బండైనా అడక్కుండా ఎక్కొద్దు, నంబర్ ప్లేట్ కనిపించేలా ఫొటో పెట్టాలంటే ఓనర్‌ను అడగాలి, ఎవరి చెత్త వాళ్లే తీసుకెళ్లాలి.

ఆర్సీ, ఆర్టీవో సంగతి మీట్‌లో ఎలాగూ వస్తుంది. మీరు చెప్పాల్సింది ఇంతే. మోటారు వాహనాల చట్టం 1988లోని సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. ఫ్యాక్టరీ స్థాయిలో తయారయ్యే మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. కాబట్టి సీట్లు తీసేయడం, రూఫ్ కోయడం, బాడీ మార్చడం లాంటివి చేసే ముందే ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడగాలి, ఇన్సూరెన్స్ కంపెనీకీ తెలియజేయాలి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలిగే మంచం, పెట్టె, స్టవ్ స్టాండ్ లాంటివి మొదటిసారి కట్టేవాళ్లకు మంచి దారి. "నేను ఆర్టీవోలో సెట్ చేస్తా, ఇంత ఇవ్వండి" అనేవాళ్లను మీట్‌కు రానివ్వకండి.

6. బండి చిట్టీ రాయించండి

అట్ట ముక్కలు, మార్కర్లు దీనికోసమే. ప్రతి బండి ముందు అద్దానికి ఒక చిట్టీ ఉండాలి. ఇదీ నమూనా:

బండి: ఈకో, 2021
పని చేసింది: నేనే, వెల్డింగ్ మాత్రం బాలానగర్‌లో
బ్యాటరీ: లిథియం 100 ఏహెచ్, సోలార్: 200 వాట్లు
నీళ్లు: 40 లీటర్లు
మళ్లీ కడితే మార్చేది: ట్యాంకును వెనక్కి కాకుండా మధ్యకు పెడతా
అడగండి: ఫ్రిజ్ వైరింగ్, దోమతెర
ముట్టుకోవద్దు: ఎడమ వైపు స్విచ్ బోర్డు

"మళ్లీ కడితే మార్చేది" అన్న లైన్ ఎవరూ వదిలేయకుండా చూడండి. కొత్తవాళ్లు నేరుగా దాని గురించే అడుగుతారు, సిగ్గుపడేవాళ్లకు కూడా మాట కలపడానికి వీలు దొరుకుతుంది.

ఇంకో పని చెప్పండి. వచ్చే దారిలో ధర్మకాంటా దగ్గర ఆగి బండిని తూకం వేయించి, ఆ రసీదు తెమ్మనండి. ముందు చక్రాలు మాత్రం కాంటా మీద పెట్టి ఒకసారి, మొత్తం బండిని ఒకసారి. రెండో అంకెలోంచి మొదటిది తీసేస్తే వెనక ఇరుసు మీద ఎంత భారం ఉందో తెలుస్తుంది. మొత్తం బరువును ఆర్సీలో ఉన్న లేడెన్ వెయిట్‌తో, అంటే నిండు బండికి అనుమతించిన బరువుతో, పోల్చి చూస్తే కొందరి ముఖాలు మారిపోతాయి. లీటరు నీళ్లు కిలో బరువు, వంద లీటర్ల ట్యాంకు నింపితే క్వింటా. దాని మీద 18 ఎంఎం ప్లైవుడ్‌తో అల్మారాలు చేయిస్తే ఇంక చెప్పక్కర్లేదు.

7. బండ్లు నిలబెట్టే పద్ధతి

ముందు రోజు సాయంత్రమే వెళ్లి సున్నంతో గీతలు గీయండి. ట్రావెలర్ లాంటి బండ్లకు పక్క తలుపు ఎడమ వైపే ఉంటుంది. అందుకని గుండ్రంగా నిలబెట్టేటప్పుడు ఎడమ వైపు లోపలికి రావాలి. గుడిలో ప్రదక్షిణ చేసేటప్పుడు దేవుడు కుడి చేతి వైపు ఉంటాడు కదా, ఇక్కడ దానికి సరిగ్గా ఎదురు దిశలో బండ్లను లోపలికి పంపండి. అప్పుడు అన్ని తలుపులూ మధ్య ఖాళీలోకి తెరుచుకుంటాయి.

బండికీ బండికీ మధ్య మూడు మీటర్లు వదలండి. నిప్పు అంటుకుంటే పక్కదానికి పాకకుండా, మనుషులు తోసుకోకుండా ఉండటానికి ఇది. గేటు నుంచి మధ్య దాకా నాలుగు మీటర్ల దారి ఖాళీగా ఉంచి, అందులో బైక్ కూడా పెట్టనివ్వకండి. అంబులెన్స్ రావాల్సిన దారి అది. పెద్ద బండ్లను ముందు రమ్మనండి, చిన్నవి తర్వాత ఎక్కడైనా దూరతాయి.

8. గేటు దగ్గర సేఫ్టీ చెక్

లోపలికి వచ్చిన ప్రతి బండికీ పది నిమిషాలు. మొహమాటం వద్దు, అందరికీ ఒకటే రూల్.

గ్యాస్: ఎల్పీజీ గాలి కన్నా బరువు. లీక్ అయితే పైకి పోదు, బండి అడుగున చేరుతుంది. కాబట్టి సిలిండర్ పెట్టిన అరకు అడుగున, బయటికి తెరుచుకునే కన్నం ఉందో లేదో చూడండి. సిలిండర్ నిలువుగా, పట్టీతో బిగించి ఉండాలి. రెగ్యులేటర్ తెరిచి జాయింట్ల మీద సబ్బు నీళ్లు కొట్టండి, బుడగ వస్తే వెంటనే మూసేసి, సిలిండర్‌ను దూరంగా, నీడలో, ఖాళీ జాగాలో పెట్టించండి. అగ్గిపుల్లతో చూసే అలవాటున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, అలా ఎవ్వరినీ చేయనివ్వకండి. గ్యాస్ పైపు మీద ముద్రించిన తేదీ చూడండి, ఐదేళ్లు దాటితే మార్చాలి. లీక్ ఎమర్జెన్సీకి 1906.

కరెంటు: బ్యాటరీ ప్లస్ టెర్మినల్ నుంచి జానెడు దూరం లోపే ఫ్యూజ్ కనిపించాలి. ఎక్కడో చివర స్విచ్ బోర్డులో ఉన్నా ఉపయోగం లేదు. మధ్యలో వైరు రేకుకు రాసుకుని షార్ట్ అయితే ఆ ఫ్యూజ్ కాపాడదు. ఫ్యూజ్ లేని బండిలో బ్యాటరీ మైనస్ విప్పించి, ఆ రోజుకు అలాగే ఉంచండి.

చలికాలం కాబట్టి ఇంకో మాట. బొగ్గుల కుంపటిని బండిలో పెట్టి తలుపు వేసుకోవడం, ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని పడుకోవడం, రెండూ ప్రాణం తీసేవే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోంచి లేవనివ్వదు. రాత్రి బస పెట్టిన మీట్ అయితే ఆ గ్యాస్‌ను పసిగట్టే అలారం లేని బండిలో పడుకోవద్దని చెప్పండి.

9. అసలు కార్యక్రమం: తెరిచి చూపించే రెండు గంటలు

దీన్ని ఉదయం 10 నుంచి 12 మధ్య పెట్టండి. భోజనం తర్వాత పెడితే సగం మంది చెట్ల కింద సెటిల్ అయిపోతారు. మనుషుల్ని ఏడెనిమిది మంది చొప్పున గుంపులు చేసి, ఒక్కో బండి దగ్గర 15 నిమిషాలు ఉంచండి. ఓనర్ మాట్లాడేది ఐదు నిమిషాలే, మిగతా పది ప్రశ్నలకు. ఓనర్ కొత్తవాడైతే పక్కన అనుభవం ఉన్న ఒకరిని నిలబెట్టండి.

చెప్పి వదిలేయకుండా మీటర్ పెట్టి చూపించే పనులు కనీసం నాలుగు చేయండి.

మొదటిది లోడ్ టెస్ట్. ఇన్వర్టర్ మీద 1000 వాట్ల వస్తువు పెడితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి 90, 100 ఆంపియర్లు లాగుతుంది. క్లాంప్ మీటర్ వైరుకు తగిలించి ఆ అంకె చూపించండి. ఐదు నిమిషాలు నడిపాక ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ లగ్ (వైరు చివర బిగించే లోహపు ముక్క) దగ్గర థర్మామీటర్ పెట్టండి. వైరు మధ్యలో చల్లగా ఉండి లగ్ దగ్గర మాత్రం వేడెక్కితే క్రింపింగ్, అంటే లగ్‌ను వైరుకు నొక్కి బిగించిన చోటు, లూజ్ అని అర్థం. ఒక్కోసారి దాని మీద తొడిగిన హీట్ ష్రింక్ ప్లాస్టిక్ గొట్టం అంచు కాస్త గోధుమ రంగుకు తిరిగి, ముడుచుకుని కనిపిస్తుంది. దాన్ని అందరికీ దగ్గర నుంచి చూపించండి. వైరింగ్ గురించి గంటసేపు చెప్పినా అర్థం కానిది ఆ ముడతలో అర్థమైపోతుంది. ఈ పని చేసేవాళ్లు ఉంగరాలు, కడియాలు, మెటల్ వాచీ తీసేయాలి. బ్యాటరీ రెండు టెర్మినల్స్ మధ్య ఉంగరం తగిలితే వేలు కాలిపోతుంది.

రెండోది వోల్టేజ్ డ్రాప్. ఫ్రిజ్ కంప్రెసర్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫ్రిజ్ ప్లగ్ దగ్గర ఒకసారి కొలవండి. తేడా 0.36 వోల్టులు, అంటే 3 శాతం, దాటితే వైరు సన్నగా ఉందనో, ఎక్కడో జాయింట్ సరిగ్గా లేదనో లెక్క. "మా ఫ్రిజ్ రాత్రికి ఆగిపోతోంది" అనేవాళ్లు కొత్త బ్యాటరీ కొనేముందు ఇది చూసుకోవాలి. ఇంకోటి, లెడ్ యాసిడ్ బ్యాటరీ కొన్ని గంటలు ఖాళీగా ఉన్నాక 12.6 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం. లిథియం బ్యాటరీకి ఈ లెక్క పనిచేయదు, చాలాసేపు వోల్టేజ్ దాదాపు ఒకేలా ఉంటుంది.

మూడోది సోలార్ నీడ. ప్యానెల్ నుంచి వచ్చే కరెంటు చూస్తూ, ఒక మూల మీద అట్ట ముక్క పెట్టండి. చిన్న నీడకే కరెంటు ఎంత పడిపోతుందో చూస్తే, రూఫ్ ఫ్యాన్ పక్కనే ప్యానెల్ బిగించే ఆలోచన మానుకుంటారు.

నాలుగోది ఇన్సులేషన్. సగం అయిన బండి ఇక్కడ పనికొస్తుంది. ఎండ ముదిరాక ఇన్సులేషన్ ఉన్న చోటా, ఉత్త రేకు దగ్గరా లోపలి నుంచి వేడి కొలవండి. మెరిసే ఫాయిల్ మీద ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తప్పు అంకె చూపిస్తుంది, కాబట్టి రెండు చోట్లా మాస్కింగ్ టేప్ ముక్క అంటించి, కాసేపాగి దాని మీద కొలవండి. గ్లాస్ ఊల్ వాడినవాళ్లు ఉంటే ఒక మూల విప్పి తడి చేరిందేమో చూడమనండి. వానాకాలం దాటిన బండిలో రేకు లోపలి వైపు చెమటలా నీళ్లు పట్టి, తుప్పు మొదలయ్యేది అక్కడే.

10. తిండి, నీళ్లు, మురుగు

అందరికీ కలిపి ఒకచోట, బండ్లకు దూరంగా, గాలి వాలులో వంట పెట్టండి. లేదా దగ్గర ఊళ్లో చెప్పి తెప్పించండి. పొద్దున్న వచ్చీరాగానే చాయ్, ఉస్మానియా బిస్కెట్లు ఉంటే చాలు, మనుషులు వాళ్లంతట వాళ్లే కలుస్తారు. ఖర్చు తలా ఇంత అని పంచుకోండి. ఆ రాత్రే లెక్క గ్రూప్‌లో పెట్టండి, పది రూపాయలు మిగిలినా రాయండి.

గిన్నెలు కడిగిన నీళ్లు బావి దగ్గరో బోరు దగ్గరో పోయొద్దు. పోర్టబుల్ టాయిలెట్ ఉన్న బండి దాన్ని ఓనర్ ఒప్పుకుంటే సెప్టిక్ ట్యాంకులోనే ఖాళీ చేయాలి, లేదా ఇంటికి తీసుకెళ్లాలి. ఫార్మాల్డిహైడ్ ఉన్న కెమికల్ వాడితే సెప్టిక్ ట్యాంకులోనూ పోయొద్దు, అందులో పనిచేసే బ్యాక్టీరియా చచ్చిపోతుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

స్టాళ్లకు జాగా ఇవ్వడం అన్నిటికన్నా పెద్దది. టెంట్లు, బ్యాటరీలు అమ్మేవాళ్లు స్పాన్సర్ చేస్తామంటూ వస్తారు. ఒప్పుకుంటే మాటలన్నీ వాళ్ల సరుకు చుట్టూనే తిరుగుతాయి, "నాకు ఈ బ్యాటరీ పాడైంది" అని చెప్పేవాళ్లు నోరు మూసుకుంటారు. మొదటి రెండు మీట్లకైనా ఎవరి డబ్బూ తీసుకోకండి.

ఖరీదైన బండి దగ్గరే అందరూ మూగడం ఇంకొకటి. గుంపులుగా తిప్పితే ఇది తగ్గుతుంది. ఓమ్ని తెచ్చినవారిని మొదట మాట్లాడనిస్తే ఇంకా మంచిది. పదిహేను వేలతో పని కానిచ్చినవాళ్ల ఉపాయాలు, లక్షలు పెట్టినవాళ్లకు కూడా పనికొస్తాయి.

పిల్లలకు ఏ ఏర్పాటూ చేయకపోవడం కూడా చూస్తుంటాం. తెరిచిన బ్యాటరీలు, గ్యాస్, కదిలే బండ్లు ఉన్న చోట పిల్లలు పరుగెత్తకూడదు. తాడు కట్టి వాళ్లకో జాగా, చూసుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి. తెరిచి చూపించే రెండు గంటల్లో ఏ బండీ కదలకూడదని కూడా చెప్పండి, ఆలస్యంగా వచ్చేవాళ్లు గేటు బయటే పెట్టుకుని నడిచి రావాలి.

బాగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది

వెళ్లే ముందు, బండ్లు రాకముందు తీసిన ఫొటో పట్టుకుని అదే చోట నిలబడి చూడండి. సున్నం గీతలు తప్ప తేడా కనిపించకూడదు. ఓనర్‌కు జాగా చూపించి "మళ్లీ వస్తే ఇస్తారా" అని అడగండి, ఆయన జవాబు మీకు మొదటి మార్కు.

వారం తర్వాత గ్రూప్‌లో రెండే ప్రశ్నలు అడగండి. చూసొచ్చాక మీ బండిలో ఏం మార్చారు? అడగాలనుకుని అడగలేకపోయింది ఏంటి? మొదటి ప్రశ్నకు "ఫ్యూజ్ పెట్టించా", "గ్యాస్ పైపు మార్చా", "ట్యాంకు ముందుకు జరిపా" లాంటి జవాబులు వస్తే మీట్ పని చేసినట్టే. "సూపర్ బ్రో, బిర్యానీ అదిరింది" తప్ప ఇంకేమీ రాకపోతే, తెరిచి చూపించే టైమ్ సరిపోలేదని లెక్క. వచ్చేసారి బండ్లు తగ్గించి ఒక్కో దానికి 25 నిమిషాలు ఇవ్వండి. రెండో ప్రశ్నకు వచ్చిన జవాబులే వచ్చే మీట్ టాపిక్‌లు.

ఆడవాళ్లలో, ఇంకా బండి లేనివాళ్లలో ఎంతమంది మళ్లీ వస్తామన్నారో విడిగా చూడండి. ఆ సంఖ్య తగ్గితే టాయిలెట్లు, కూర్చునే చోటు, మాట్లాడే అవకాశం, ఈ మూడింటిలో ఎక్కడో లోపం ఉంది. ఫోన్ చేసి అడగండి, మెసేజ్‌లో చెప్పరు.

చివరగా, బండి చిట్టీలన్నీ ఫొటో తీసి ఒక ఫోల్డర్‌లో పెట్టి అందరికీ ఇవ్వండి. ఎక్స్‌టింగ్విషర్లు, టో రోప్, మీటర్లు, మిగిలిన సున్నం ఒక పెట్టెలో సర్ది, తర్వాతి మీట్ పెట్టడానికి ముందుకొచ్చినవారి బండిలోకి ఆ రోజే ఎక్కించండి. తేదీ కూడా అందరూ విడిపోకముందే అడిగి రాసుకోండి.